భద్రాద్రి దారిలో ఇద్దరు పాతకాపులు

ఒకటి దేశమంతటా ‘పెద్దమనుషుల బండి’. ఇంకోటి మధ్యతరగతి వాకిట్లో ఆగిన మొదటి కారు. ఒకదానికొకటి పాతికేళ్ల ఎడం. తయారీ ఆగిపోయింది మాత్రం ఒక్క ఏడాదిలోనే! ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అంబాసిడర్‌నీ, మారుతి 800నీ పక్కపక్కన పెట్టి చూస్తే...

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు కార్లున్నాయి. ఎడమపక్కది నాన్నది. 1977 మోడల్ అంబాసిడర్ మార్క్ త్రీ. కుడిపక్కది బాబాయిది. 1996లో కొన్న తెల్ల మారుతి 800. పొద్దున్నే షెడ్డు తలుపు తీస్తే ముందు ముక్కుకి తగిలేది అంబాసిడరే. పెట్రోలు, గ్రీజు, పాత రెగ్జిన్... వాటన్నిటి అడుగున సన్నగా ఎండుమిర్చి ఘాటు. నాన్నకి ఖమ్మంలో ఎరువుల దుకాణం ఉండేది. రైతుల బాకీ కింద ఒక్కోసారి డబ్బుకు బదులు మిర్చి బస్తాలొచ్చేవి. అవి మార్కెట్ యార్డు చేరింది ఈ కారు డిక్కీలోనే. దుకాణం ఎత్తేసి పదిహేనేళ్లు దాటింది, ఘాటు మాత్రం పోలేదు. మారుతికి ఏ వాసనా లేదు. పిన్ని దాన్ని అంత శుభ్రంగా ఉంచుతుంది.

ఇప్పుడు ఈ రెండింట్లో ఒకటే మిగలాలి. సింగరేణిలో రిటైరై కొత్తగూడెం నుంచి వచ్చేసిన బాబాయి మా పైవాటాలో ఉంటున్నాడు. మోకాళ్లు అరిగిపోయాయి, మెట్లెక్కలేకపోతున్నాడు. కింద ఒక గది వెయ్యాలి. ఉన్న ఖాళీ జాగా ఆ షెడ్డే. సగం తీసేస్తే గది వస్తుంది. మిగిలిన సగంలో ఒక్క కారే పడుతుంది.

దానికి తోడు కాగితాల గొడవ. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ తర్వాత అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి ఆర్సీ పొడిగించుకోవాలి. ఒకప్పుడు దీనికి కేంద్రం పెట్టిన ఫీజు ఆరొందలు. 2022 ఏప్రిల్ నుంచి అయిదువేలు చేశారు. 2025 ఆగస్టులో వచ్చిన కొత్త నిబంధనతో ఇరవై ఏళ్లు దాటిన కారుకు పదివేలైంది. మారుతి గడువు 2026లో, అంబాసిడర్ గడువు 2027లో. రెండిటికీ కడదామంటే అమ్మ ఊరుకోదు. “కదలని కార్లకు కట్నాలా?” అంటుంది.

అలా మొదలైంది మా ఇంట్లో పంచాయితీ... ఏది గొప్ప కారు?

పుట్టుపూర్వోత్తరాలు

ముందు పెద్దదాని సంగతి. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాత్‌లోని పోర్ట్ ఓఖాలో మొదలైంది. స్వాతంత్య్రం వచ్చాక పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాకి తరలింది. ఇంగ్లండ్‌లో మోరిస్ కంపెనీ చేసే కార్లనే ఇక్కడ వేరే పేర్లతో అమ్మేవాళ్లు. అలా వచ్చిన ల్యాండ్‌మాస్టర్ తర్వాత, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాతో 1957-58 ప్రాంతంలో దిగింది అంబాసిడర్. ఇంగ్లండ్‌లో ఆ మోడల్‌ని నాలుగేళ్లు తిరక్కుండానే పక్కన పెట్టేశారు. మనవాళ్లు మాత్రం అదే ఒంటికి బానెట్టూ గ్రిల్లూ మారుస్తూ, మార్క్ టూ, త్రీ, ఫోర్, నోవా అని పేర్లు పెడుతూ అర్ధశతాబ్దం పైగా నడిపించారు.

దాన్ని అంతకాలం బతికించింది దాని గొప్పతనం ఒక్కటే కాదు. లైసెన్సుల రాజ్యంలో కొనడానికి ఇంకోటి ఉంటే కదా! అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్... ఈ మూడింట్లో ఏదో ఒకటి. అదీ డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తే. దారి మీద పిల్లనిచ్చిన మామ కనిపించినట్టు, ఎక్కడ చూసినా అదే బండి. కలెక్టరు దిగినా, డాక్టరు దిగినా, పెళ్లికొడుకు దిగినా అందులోంచే.

మారుతి కథ ఢిల్లీ పక్కన గుర్‌గావ్‌లో మొదలైంది. చిన్న కారు చేస్తానని సంజయ్ గాంధీ 1971లో పెట్టిన కంపెనీ చతికిలపడింది. ఆయన 1980లో విమాన ప్రమాదంలో పోయాక, మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం మారుతి ఉద్యోగ్ పేరుతో కొత్త సంస్థ పెట్టింది. 1982లో జపాన్ సుజుకీతో చేయి కలిపింది. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ మొదటి కారు తాళంచెవిని ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి హర్పాల్ సింగ్ చేతికిచ్చారు. ఫ్యాక్టరీ దగ్గర ధర 47,500 రూపాయలు. కారంటే మంత్రికో మిల్లు యజమానికో అనుకునే రోజుల్లో ఒక ఉద్యోగస్తుడి చేతిలో తాళంచెవి!

ఆ వార్తే మా ఇంట్లోకి అంబాసిడర్‌ని తెచ్చింది. ఖమ్మంలో పేరున్న డాక్టరొకాయన మారుతికి డబ్బు కట్టి, తన ఏడేళ్ల అంబాసిడర్‌ని 1984లో అమ్మకానికి పెట్టాడు. “కొత్త బండికి డ్రైవరు అక్కర్లేదటయ్యా, మనమే తోలుకోవచ్చట” అన్నాడట నాన్నతో. దుకాణంలో ఆ ఏడు మిగిలిందంతా ఆయన చేతిలో పోసి నాన్న కారు తెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం గాంధీచౌక్ నుంచి మా వీధి దాకా అయిదు నిమిషాల దారికి గంట పట్టింది. తెలిసినవాళ్లందరి దగ్గరా ఆపాడు మరి.

తూకం వేస్తే...

కొలతలు చూస్తే రెండూ ఒక జాతివేనా అనిపిస్తుంది. అంబాసిడర్ పొడవు దాదాపు 4.3 మీటర్లు. మారుతి 3.3 మీటర్లు. వెడల్పులో జానెడు తేడా. అంబాసిడర్ బరువు టన్ను దాటుతుంది, మారుతి ఆరున్నర క్వింటాళ్లు. పెద్దదాని ఇంజిను 1489 సీసీ, నాలుగు సిలిండర్లు. చిన్నదానిది 796 సీసీ, మూడే సిలిండర్లు. ఒకదానికి ఇంజిను ముందుంటే తిరిగేవి వెనక చక్రాలు. రెండోదానికి ఇంజినూ ముందే, లాగే చక్రాలూ ముందే.

ఈ అంకెలకు ఖమ్మం-భద్రాచలం రోడ్డు మీద అర్థం వేరు. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా సుమారు 120 కిలోమీటర్లు. ఇప్పుడంటే రోడ్డు బాగుంది. ఎనభైల్లో సింగరేణి బొగ్గు లారీలు, వెదురు లారీలు తొక్కి తొక్కి చక్రాల జాడలు కాలవల్లా పడేవి. జాడకీ జాడకీ మధ్య గట్టు. అంబాసిడర్ చక్రం పదిహేను అంగుళాలది. వెనక కమాన్ పట్టీలు, ఎద్దులబండికి ఇరుసులా గట్టివి. ఆ గట్టు మీద నుంచి ఊగుతూ పోయేదే తప్ప అడుగు తగిలేది కాదు. మారుతిది పన్నెండు అంగుళాల చక్రం. జాడలో దిగితే పొట్ట ఆనుతుంది. అందుకే బాబాయి ఒక పక్క చక్రాన్ని గట్టు మీదా, రెండోదాన్ని రోడ్డు అంచు మీదా ఉంచి తోలేవాడు. సర్కస్‌లో తీగ మీద నడిచే అమ్మాయిలా. అరగంట అలా తోలితే మెడ పట్టేసేదట.

పెట్రోలు దగ్గర మాత్రం బాబాయే మొనగాడు. అంబాసిడర్ లీటరుకు పది కిలోమీటర్లిస్తే నాన్న ఆ రోజు పండగ చేసుకునేవాడు. మారుతి పదిహేడు తగ్గేది కాదు. అంటే రాములవారి దర్శనానికి పోయి రావడానికి పెద్దదానికి 24 లీటర్లు, చిన్నదానికి 14. పది లీటర్ల తేడా. “నా కారు ఎక్కినవాళ్లని లెక్కేసుకో, తలకింత చొప్పున నాదే చవక” అనేవాడు నాన్న. ఆయన లెక్కా తప్పు కాదు. ముందు ఒకే పొడుగాటి సీటు, గేరు రాడ్డు స్టీరింగు పక్కన. కాళ్ల దగ్గర అడ్డేమీ ఉండదు. ముందు నలుగురు, వెనక అయిదుగురు, ఒళ్లో పిల్లలు. మారుతిలో అయిదో మనిషి ఎక్కితే మిగతా నలుగురూ ముఖం చిట్లించాలి.

ఒక్క మాట నిజాయతీగా చెప్పుకోవాలి. భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల అడవి దారుల్లో ఈ రెండింటికీ అంత మర్యాద లేదు. అక్కడ రాజు జీపే. వానాకాలం వాగు పొంగితే మా రెండు కార్ల యజమానులూ జీపు టాపు పట్టుకుని వేలాడినవాళ్లే.

తడిగుడ్డ వైద్యం

ఎండాకాలం ఎండలకు కొత్తగూడెం పెట్టింది పేరు. పైన సూర్యుడు, కింద బొగ్గు. మే నెల మధ్యాహ్నం కొత్తగూడెం దాటి పాల్వంచ దారి పట్టాక అంబాసిడర్ ఉన్నట్టుండి ఊపిరాడనట్టు తన్నుకుని ఆగిపోయేది. ఇంజిను వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతుంది. పంపు లాగేది ద్రవాన్ని గానీ ఆవిరిని కాదు కదా! మెకానిక్కులు దీన్ని ‘ఏర్‌లాక్’ అంటారు. మందు తేలిక. బానెట్ లేపడం, గుడ్డ తడిపి పెట్రోలు పంపు మీద వేయడం, చెట్టు కింద పావుగంట కూర్చోవడం. అందుకే మా కారులో స్టెప్నీ లేకపోయినా నాన్న బయల్దేరేవాడేమో గానీ, కూజాడు నీళ్లూ పాత పంచె ముక్కా లేకుండా కదిలేవాడు కాదు. మా చిన్నప్పటి భద్రాచలం ప్రయాణాల్లో సగం జ్ఞాపకాలు రాములవారివి, సగం పాల్వంచ అవతల చెట్ల కింద తిన్న పులిహోరవి.

బ్యాటరీ దిగిపోయినా భయం లేదు. ముందు బంపరులో చిన్న రంధ్రం ఉంటుంది. అందులో హ్యాండిల్ దూర్చి తిప్పితే ఇంజిను లేస్తుంది. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ చుట్టకూడదు. ఇంజిను వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది. ఆ పాఠం నాన్న నాకు అక్షరాభ్యాసమంత శ్రద్ధగా చెప్పాడు.

మారుతికి ఈ సరదాలేవీ లేవు. తాళం తిప్పితే లేచేది, బ్రేకు తొక్కితే ఆగేది. నాన్న దృష్టిలో అదే దాని లోపం. “దానితో మాట్లాడేందుకేం ఉంది?” అంటాడు.

మా రెండు కార్లనీ చూసే మెకానిక్ భాయ్ తీర్పు ఇంకోలా ఉంటుంది. కాల్వొడ్డు దగ్గర చిన్న షెడ్డు ఆయనది. “సార్, అంబాసిడర్ బానెట్ లేపితే లోపల నేను నిలబడి పని చేస్తా. మారుతిలో చెయ్యి పట్టే సందు లేదు. కానీ చెయ్యి పెట్టే పని కూడా పడదు. అంబాసిడర్ వల్ల నా పిల్లలు చదువుకున్నరు, మారుతి వల్ల నాకు మధ్యాహ్నం నిద్ర వచ్చింది” అన్నాడు ఓసారి. ఈమధ్య రెండిటికీ ఉమ్మడిగా కొత్త జబ్బొకటి వచ్చిందట. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరు గొట్టాలకూ వాషర్లకూ అది పడదు, మెత్తబడి పగుళ్లిస్తాయి. ఆయన ఇద్దరికీ కొత్తరకం గొట్టాలు వేశాడు. మారుతి సామాను అడిగిన చోటల్లా దొరుకుతుంది. అంబాసిడర్‌ది కావాలంటే ఫోన్లు చేసి, పాత సామాన్ల కొట్లు గాలించి తెప్పించాలి.

పదకొండు మంది, ఒక మేకపిల్ల

పంచాయితీలో నాన్న చివరి అస్త్రం ఎప్పుడూ ఒకటే... 1986 ఆగస్టు.

మా అమ్మ పుట్టిల్లు బూర్గంపాడు. గోదావరికి పోటొస్తే అక్కడ మొదట ముంచేది గోదావరి కాదు, కిన్నెరసాని. పెద్ద నది తోసేసిన నీళ్లు వెనక్కి తన్ని ఊళ్లకీ రోడ్లకీ ఎక్కుతాయి. ఆ ఏడాది ఆగస్టు 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ఇవాళ్టికీ దాన్ని దాటిన వరద లేదు. 2022 జులైలో 71.3 అడుగులొచ్చి వంతెన మీద రాకపోకలు ఆపేసినప్పుడు కూడా పెద్దలందరూ పోల్చుకుంది ఎనభయ్యారుతోనే.

నీళ్లు పెరుగుతున్నాయని కబురందగానే నాన్న కారు తీశాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. వద్దన్నా వినకుండా ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను. బూర్గంపాడు చేరేసరికి చీకటి. తాతయ్య, అమ్మమ్మ, ఇద్దరు మామయ్యల సంసారాలు సర్దుకుని అరుగు మీద కూర్చున్నారు. తిరిగొస్తుంటే రోడ్డు మీద నీళ్లు. లోతెంతో తెలియదు. పెద్దమామయ్య కర్ర పట్టుకుని ముందు నడిచాడు, మోకాలు దాటలేదు. నాన్న దిగి బానెట్ లేపి ఫ్యాన్ బెల్టు ఊడదీశాడు. ఫ్యాను తిరిగితే నీళ్లని ఇంజిను మీదకే చల్లుతుంది, కరెంటు వైర్లు తడిస్తే బండి నిలిచిపోతుంది. డిస్ట్రిబ్యూటర్‌కి ఎరువుల సంచీలోని ప్లాస్టిక్ కవరు చుట్టాడు. తర్వాత మొదటి గేరు. యాక్సిలరేటరు వదలకుండా, ఆగకుండా, పడవలా ముక్కుతో నీళ్లు చీలుస్తూ... తలుపుల సందుల్లోంచి నీళ్లొచ్చి మా కాళ్లు తడిశాయి. ఎవరూ మాట్లాడలేదు. అమ్మమ్మ రామనామం ఒక్కటే వినిపించింది. అవతల పొడినేల మీద ఆగి బెల్టు బిగించాక లెక్కేస్తే కారులో పదకొండు మంది, ఒక మేకపిల్ల. మేకపిల్లని ఎవరు ఎక్కించారో ఇప్పటికీ తేలలేదు.

“ఆ రాత్రి నీ మారుతి ఉంటే ఏం చేసేది?” అని నాన్న అడిగితే బాబాయి నోరు మెదపడు. పిన్ని మాత్రం ఊరుకోదు.

పిన్ని చేతిలో స్టీరింగు

“బావగారూ, మీ కారు పదకొండు మందిని మోసింది నిజమే. దాన్ని తోలింది ఎంతమంది?” అని అడుగుతుంది పిన్ని.

దానికి నాన్న దగ్గర జవాబు లేదు. నలభై ఏళ్లలో మా అంబాసిడర్ స్టీరింగు పట్టుకున్నవాళ్లు ఇద్దరే. నాన్న, నేను. బరువైన స్టీరింగు, తొక్కితే తొడ నొప్పెట్టే క్లచ్, అలవాటైతే గానీ అంతుపట్టని చేతి గేరు. అమ్మ ఓసారి నేర్చుకుంటానంటే “నీకెందుకు, నేను లేనా?” అన్నాడు నాన్న. అక్కడితో ఆ ముచ్చట ముగిసింది.

పిన్ని పాల్వంచలో ఉంటూ బూర్గంపాడు మండలంలోని బళ్లో పాఠాలు చెప్పేది. బస్సు దిగాక నాలుగు కిలోమీటర్లు నడక, లేదంటే దారినపోయే ట్రాక్టరు. 1996లో బాబాయి అప్పు పెట్టి మారుతి కొన్నాక, ఆదివారాల్లో సింగరేణి కాలనీ మైదానంలో తనే నేర్చుకుంది. నెలలో లైసెన్సు. కొత్త విద్యాసంవత్సరం మొదలైన రోజు కారు తోలుకుంటూ బడికి పోతే ఊళ్లో పిల్లలు గేటు దాకా పరుగెత్తుకొచ్చారట. ఆ మండలంలో చీర కట్టుకుని కారు నడిపిన మనిషిని వాళ్లు చూడటం అదే మొదలు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు ఆమెకి బస్సు టైము చూసుకునే పని లేకపోయింది. బళ్లో పిల్లకి జ్వరమొస్తే పాల్వంచ ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆ కారే. పురిటినొప్పులొచ్చిన ఆయమ్మ కూతుర్ని భద్రాచలం చేర్చిందీ అదే.

నాకు అనిపించేది ఇది. అంబాసిడర్ ఇంటికి పెద్ద ఉన్నట్టు. అందరూ అందులో ఎక్కొచ్చు, నడిపేది మాత్రం ఒక్కరే. మారుతిలో ఎక్కేది తక్కువమందే గానీ, తాళంచెవి ఎవరి చేతికైనా వస్తుంది. మన దేశంలోనే ఇరవయ్యారు లక్షలకు పైగా అమ్ముడైన ఆ చిన్నకారు జీతగాళ్ల ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్ల చేతికి స్టీరింగిచ్చిందో ఏ కంపెనీ లెక్కలోనూ ఉండదు. వరద నీటిని చీల్చడం ఒక్కసారి జరిగింది. పిన్ని బడికి పోవడం పద్దెనిమిదేళ్లు జరిగింది. నాన్న ముందు ఈ మాట అనలేను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఒకే ఏడాది...

2014 జనవరి 18న ఆఖరి మారుతి 800 తయారైంది. మే 24న ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ ఉత్పత్తి ఆపేశారు. అంతకు ముందు సంవత్సరమే బీబీసీ టాప్‌గేర్ వాళ్లు ప్రపంచంలోని ట్యాక్సీలన్నిటికీ పోటీ పెట్టి అంబాసిడర్‌ని గెలిపించారు. గెలిచిన ఏడాదికల్లా ఫ్యాక్టరీకి తాళం! 2017లో ఆ పేరుని ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో 80 కోట్లకు కొనుక్కుంది.

అదే 2014లో మా జిల్లా పటమూ మారింది. జూన్ 2న తెలంగాణ వచ్చింది. పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వీఆర్ పురం లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. రాములవారి గుడి ఇటు, పక్కనున్న ఎటపాక అటు. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. ఏపీ 20 నంబరుతో పుట్టిన బాబాయి కారు ఒకప్పుడు ఖమ్మంలో బయల్దేరి చింతూరు దాటినా సొంత జిల్లాలోనే ఉండేది. ఇప్పుడు అదే దారిలో రెండు జిల్లాలు దాటి ఇంకో రాష్ట్రంలోకి అడుగుపెట్టాలి.

పరువా... ప్రయాణమా?

పంచాయితీ తేలక కొట్టుకుంటుంటే మధ్యలో నేనో కొత్త సంగతి తెచ్చి పెట్టాను. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిను అసలు రూపంలో ఉంటే ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరిస్తారు. ఫీజు ఇరవై వేలు, పదేళ్లు చెల్లుతుంది. మా అంబాసిడర్‌కి 2027లో యాభై నిండుతాయి!

నాన్న మొహం వెలిగిపోయింది. తొంభైల్లో డీజిల్ చవకని ఊళ్లో చాలామంది అంబాసిడర్లకు మాటడోర్ ఇంజిన్లు పెట్టించారు. మెకానిక్ భాయే స్వయంగా బతిమాలినా నాన్న ఒప్పుకోలేదు. “ఎవరి గుండె వాళ్లకుండాలి” అన్నాడట. ఆ మొండితనం ముప్పై ఏళ్ల తర్వాత పనికొచ్చింది. బాబాయి మారుతికి ఆ హోదా కావాలంటే 2046 దాకా ఆగాలి. “అప్పటికి నాకే కావాలి వింటేజ్ నంబరు” అన్నాడు బాబాయి.

నేను మిగతాది చదివాను. వింటేజ్ బండిని రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, బాగుచేయించుకోవడానికి... అంతే.

“అంటే నవమికి భద్రాచలం తీసుకుపోకూడదా?” అన్నాడు నాన్న.

“కుదరదు నాన్నా.”

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి షెడ్డులోకి వెళ్లాడు. నేను వెనకే వెళ్లేసరికి డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు మీద చేతులు వేసి ఉన్నాడు. “దీన్ని బొమ్మను చేసి నిలబెట్టడానికి ఇరవై వేలు కట్టాల్నా?” అన్నాడు, నా వైపు చూడకుండానే.

ఆ రాత్రి భోజనాల దగ్గర తనే తేల్చేశాడు. షెడ్డులో మారుతి ఉంటుంది. బాబాయిని వారం వారం ఫిజియోథెరపీకి తీసుకెళ్లేది పిన్ని, ఆమెకు చేతికింద బండి ఉండాలి. దాని పదివేలు తనే కడతానన్నాడు. అంబాసిడర్ బూర్గంపాడు పోతుంది. ఎనభయ్యారు వరద తర్వాత మామయ్యలు మెట్ట మీద కట్టుకున్న ఇంటి పక్కన పశువుల కొట్టం ఖాళీగా ఉంది. 2027లో మామూలు ఫీజు కట్టి ఆర్సీ పొడిగిస్తారట. అక్కణ్నుంచి వంతెన దాటితే భద్రాచలమే కాబట్టి, నవమికి మేమంతా మారుతిలోనో బస్సులోనో బూర్గంపాడు చేరితే మిగతా దారి దానిది.

“వంతెన దాకా మీరు తోలండి బావగారూ, వంతెన మీద నాకివ్వాలి” అంది పిన్ని.

“క్లచ్ గట్టిగా ఉంటది” అన్నాడు నాన్న. కాదని మాత్రం అనలేదు.

ఎండలు ముదరకముందే బండిని చేర్చాలని అనుకున్నారు. మెకానిక్ భాయ్ బ్రేకులు చూసి, రేడియేటరు కడిగిచ్చాడు. హ్యాండిల్ డిక్కీలో ఉందో లేదో నాన్న రెండుసార్లు చూసుకున్నాడు. అమ్మ కూజా కడిగి, పెట్రోలు పంపు మీద వేసే గుడ్డ కోసం పాత పంచె ఒకటి చింపి పక్కన పెట్టింది.